ఫ్రేము ఎక్కడ ఆగుతోందో తెలియకుండా కోడ్ తిరగరాయొద్దు

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక షెడ్డు. బెల్టు మీద ఎండుమిర్చి వెళ్తుంటుంది. పైన ఒక యూఎస్‌బీ వెబ్‌క్యామ్ బిగించి, రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద పైథాన్, ఓపెన్‌సీవీతో (బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ) తాలు కాయను, అంటే రంగు చచ్చి తెల్లబడ్డ కాయను గుర్తించి, గాలి నాజిల్‌తో పక్కకు ఊదించాలని నీ ప్రయత్నం. కెమెరా డబ్బా మీద 1080పీ, 30 ఎఫ్‌పీఎస్ అని ఉంది, అంటే సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు). నీకు వస్తున్నవి 5. చీకటి పడేకొద్దీ ఇంకా తగ్గుతున్నాయి. మూలన పెట్టిన ఐపీ కెమెరా (నెట్‌వర్క్ మీద వీడియో పంపే కెమెరా) వీడియో మొదలైన కాసేపటికే వెనకబడి ఆరేడు సెకన్ల దగ్గర నిలుస్తోంది, అప్పుడప్పుడూ కనెక్షనే తెగిపోతోంది. "పైథాన్ వదిలేసి సీ ప్లస్ ప్లస్‌లో రాయమంటావా, లేకపోతే జీపీయూ ఉన్న బోర్డు కొనమంటావా అన్నా" అని అడిగావు.

రెండూ వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. నువ్వు రాసిన వివరాలను బట్టి చూస్తే నీ ఫ్రేములు నీ కోడ్ దగ్గరికి రాకముందే ఆగిపోతున్నాయి. ఇంటికి నీళ్లు రాకపోతే ముందు చూడాల్సింది పైపు, కుళాయి కాదు.

నేను విజయవాడలో ఉంటాను. పదిహేనేళ్లుగా కెమెరాతో సరుకు తనిఖీ చేసే యంత్రాల పనిలోనే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా, ఈ పనిలో టైమంతా తినేది లెక్క తప్పడం. కోడ్ బాగాలేక ఆగిపోయిన ప్రాజెక్టుల కంటే, ఫ్రేము ఎక్కడ ఆగుతోందో ఎవరూ కొలవక ఆగిపోయినవి చాలా ఎక్కువ చూశాను.

నువ్వు చెప్పిన 5 అనే అంకె చూడగానే నాకు విషయం సగం అర్థమైంది. లెక్క వేసి చూద్దాం. 1920 ఇంటు 1080 అంటే 20,73,600 పిక్సెళ్లు. కెమెరా కంప్రెస్ చేయకుండా పంపే వైయూవైవీ ఫార్మాట్‌లో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు. అంటే ఒక్క ఫ్రేము 41 లక్షల బైట్ల పైన, దాదాపు 4.15 ఎంబీ. సెకనుకు 30 కావాలంటే 124 ఎంబీ పంపాలి. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, కాగితం మీద 60 ఎంబీ. కానీ వెబ్‌క్యామ్‌లు ఎక్కువగా వాడేది ఐసోక్రోనస్ పద్ధతి, అంటే వైరులో కొంత వాటాను ముందే కేటాయించుకుని ఆగకుండా పంపడం. అందులో ఒక ఛానెల్‌కు దక్కేది సెకనుకు గరిష్ఠంగా 24.5 ఎంబీ. దాన్ని 4.15తో భాగిస్తే ఆరు కూడా రాదు. అందుకే చాలా వెబ్‌క్యామ్‌లు 1080పీ వైయూవైవీకి 5 ఎఫ్‌పీఎస్ అనే చెబుతాయి. డబ్బా మీద రాసిన 30 నిజమే, అది కంప్రెస్ చేసి పంపే ఎంజేపెగ్ ఫార్మాట్‌కు. నీ ప్రోగ్రాం ఏ ఫార్మాట్ కావాలో అడగలేదు కాబట్టి కెమెరా వైయూవైవీ ఇచ్చింది. ఇక్కడ పైథాన్ తప్పేమీ లేదు. ఇదే పని సీ ప్లస్ ప్లస్‌లో రాసినా అదే వైరు, అదే 5.

దీన్ని నువ్వే నిర్ధారించుకోవచ్చు. లినక్స్‌లో వీ4ఎల్2-సీటీఎల్ అనే టూల్ ఉంది. దానికి లిస్ట్-ఫార్మాట్స్-ఎక్స్‌ట్ అనే ఆప్షన్ ఇస్తే నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో, ఏ సైజులో, ఎంత వేగం ఇవ్వగలదో మొత్తం పట్టీ వస్తుంది. ఆ పట్టీని ప్రింట్ తీసి గోడకు అంటించుకో. నేను ప్రతి కొత్త కెమెరాకూ ముందు చేసే పని ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. 30 ఎందుకు? 1080పీ ఎందుకు?

నీ బెల్టు వెడల్పు 60 సెంటీమీటర్లు, వేగం సెకనుకు అర మీటరు అన్నావు. 1280 ఇంటు 720 సైజు తీసుకుని, పొడుగు వైపును బెల్టుకు అడ్డంగా పెట్టావనుకుందాం. 60 సెంటీమీటర్లు 1280 పిక్సెళ్లలో పడితే ఒక పిక్సెల్ అర మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. సన్నటి తేజ రకం కాయ 7 మిల్లీమీటర్లే ఉందనుకున్నా దాని మందం 15 పిక్సెళ్లు వస్తుంది. ఎరుపు కాయా, తెల్లబడ్డ తాలా అని చెప్పడానికి 15 పిక్సెళ్లు ధారాళంగా సరిపోతాయి. ఇక బెల్టు నడిచే దిశలో 720 పిక్సెళ్లు అంటే దాదాపు 34 సెంటీమీటర్లు. అర మీటరు వేగంతో ఒక కాయ ఆ 34 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. సెకనుకు 10 ఫ్రేములు తీస్తే ఒక్కో కాయను ఆరుసార్లు చూస్తావు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కాయ జరిగేది 5 సెంటీమీటర్లే. ఇంకేం కావాలి?

720పీ వైయూవైవీ ఫ్రేము 18,43,200 బైట్లు. సెకనుకు 10 అంటే 18.4 ఎంబీ. ఆ 24.5లో హాయిగా పడుతుంది. చాలా వెబ్‌క్యామ్‌ల పట్టీలో ఈ జోడీ ఉంటుంది. నీదాంట్లోనూ ఉంటే నేనైతే కళ్లు మూసుకుని అదే తీసుకుంటాను. కారణం వేగం ఒక్కటే కాదు. ఎంజేపెగ్ కంప్రెస్ చేసేటప్పుడు వెలుతురు వివరాన్ని బాగానే ఉంచుతుంది, రంగు వివరాన్ని మాత్రం తగ్గిస్తుంది. కాయ అంచుల దగ్గర పక్క కాయ ఎరుపు తాలు తెలుపు మీదకు పాకుతుంది. నీ పని మొత్తం రంగు మీదే ఆధారపడి ఉంది. పైగా ఎంజేపెగ్ అయితే ప్రతి ఫ్రేమునూ సీపీయూ మళ్లీ విప్పాలి, ఆ ఖర్చు నీ నాలుగు కోర్ల మీదే పడుతుంది. వైయూవైవీకి రంగుల మార్పిడి ఒక్కటే ఖర్చు, అది తేలిక.

రేపు బెల్టు వేగం రెట్టింపు చేసి 20 ఎఫ్‌పీఎస్ కావాల్సి వస్తే అప్పుడు ఎంజేపెగ్‌కు వెళ్లు. అలా వెళ్లేటప్పుడు ముందు ఫార్మాట్, తర్వాత వెడల్పు, ఎత్తు, చివర ఎఫ్‌పీఎస్ సెట్ చెయ్యి. సెట్ చేశాక గెట్‌తో మళ్లీ చదివి చూడు. సెట్ అనేది మనం అడగడం మాత్రమే, కెమెరా ఒప్పుకుందో లేదో గెట్‌లోనే తెలుస్తుంది. వీడియోక్యాప్చర్ (ఓపెన్‌సీవీలో కెమెరాను తెరిచే భాగం) తెరిచేటప్పుడు బ్యాకెండ్, అంటే కెమెరాతో మాట్లాడే అడుగు పొర, లినక్స్ వాడే వీ4ఎల్2 అని స్పష్టంగా చెప్పు, వదిలేస్తే అది ఏది ఎంచుకుంటుందో నీ చేతిలో ఉండదు. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ మీద పరీక్షించేటప్పుడు కెమెరా తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోందని కూడా రాశావు. అది మీడియా ఫౌండేషన్ బ్యాకెండ్ గొడవ. డైరెక్ట్‌షో బ్యాకెండ్ పెట్టి చూడు, చాలావరకు పోతుంది.

ఇక సాయంత్రం సంగతి. చీకటి పడితే ఫ్రేములు తగ్గడం చూసి బోర్డు వేడెక్కిందేమో అనుకున్నావు. వేడి సంగతి తర్వాత చెబుతాను, కానీ సాయంత్రానికి కారణం అది కాదు. కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ ఉంటుంది. వెలుతురు చాలకపోతే అది ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుతురు పట్టుకుంటుంది. ఒక ఫ్రేముకు సెకనులో పదో వంతు పట్టుకుంటే సెకనుకు 10 కంటే ఎక్కువ ఫ్రేములు ఎలా వస్తాయి? డ్రైవర్ సెట్టింగుల్లో ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్ అని ఒకటి ఉంటుంది, పాత కెర్నెల్‌లో దాని పేరు ఎక్స్‌పోజర్ ఆటో ప్రయారిటీ. దాన్ని సున్నా చేస్తే ఫ్రేములు తగ్గవు.

కానీ నీకు అదొక్కటే చాలదు, ఎక్స్‌పోజర్‌ను పూర్తిగా మాన్యువల్‌లో పెట్టాలి. ఎందుకంటే కాయ కదులుతోంది. సెకనులో ముప్ఫయ్యో వంతు పట్టుకుంటే ఆ లోపల బెల్టు 16 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. కాయ మందం కంటే రెట్టింపు అలుక్కుపోయి, ఎరుపూ తెలుపూ కలిసి గులాబీ రంగు చార కనిపిస్తుంది. నువ్వు పంపిన మూడో ఫొటోలో ఉన్నది సరిగ్గా అదే. దాన్ని చూసి, తాలును గుర్తించే మోడల్‌కు ఇంకా ట్రైనింగ్ కావాలనుకున్నావు. మనిషి కంటికే తెలియని ఫొటోను మోడల్ మాత్రం ఎలా చెబుతుంది? ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకనుకు దించితే కదలిక అర మిల్లీమీటరు, అంటే ఒక పిక్సెల్. వీ4ఎల్2లో ఎక్స్‌పోజర్ టైమ్ అబ్సొల్యూట్ అనే విలువ 100 మైక్రోసెకన్ల లెక్కలో ఉంటుంది కాబట్టి 10 అని ఇస్తే 1 మిల్లీసెకను. ఆటో ఎక్స్‌పోజర్‌కు 1 ఇస్తే మాన్యువల్. వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరా తానే సరిదిద్దుకోవడం) ఆటోను కూడా తీసెయ్యి. లేకపోతే బెల్టు నిండా ఎర్రటి సరుకు పడగానే కెమెరా ఆ ఎరుపును సరిదిద్దాలని చూసి నీ రంగులన్నీ మార్చేస్తుంది.

1 మిల్లీసెకనుకు దించగానే బొమ్మ చీకటైపోతుంది. అప్పుడు గెయిన్ (కెమెరా సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) పెంచకు, లైటు పెంచు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్. కరెంటుకు నేరుగా తగిలించే చవక ఎల్ఈడీ లైట్లు చాలావరకు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు కానీ 1 మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌కు తెలుస్తుంది. ఒక ఫ్రేము వెలుగ్గా, ఇంకోటి మసగ్గా, మధ్యలో అడ్డపట్టీలతో వస్తుంది. 24 వోల్టుల డీసీ పవర్ సప్లైతో నడిచే ఎల్ఈడీ స్ట్రిప్పులు తెచ్చి, బెల్టుకు రెండు వైపులా ఏటవాలుగా పెట్టు. చుట్టూ రేకుతో చిన్న గూడు కడితే పగలూ రాత్రీ ఒకే వెలుతురు. బోర్డు మీద పెట్టాలనుకున్న డబ్బు ఈ లైట్ల మీద పెట్టు తమ్ముడూ. ఈ సమాధానం మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే.

ఇప్పుడు ఐపీ కెమెరా ఆలస్యం. దీని గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం గన్నవరం వైపు ఒక వాటర్ బాటిళ్ల ప్లాంటులో మూత సరిగా పడని సీసాను పక్కకు తోసే పని ఒప్పుకున్నాను. కెమెరా నెట్‌వర్క్ కెమెరా. ఆఫీసులో పరీక్షిస్తే అంతా బాగుంది. ప్లాంటులో పెట్టాక మూతలేని సీసా దర్జాగా వెళ్లిపోయేది, దాని వెనక ఎప్పుడో వచ్చే మంచి సీసాను పుషర్ తోసేది. ఓనరు కింద పడ్డ సీసా తీసి, తుడిచి, నా చేతిలో పెట్టి "మూత ఉంది కదండీ" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. గుర్తించే పద్ధతిలోనే లోపం ఉందనుకుని రెండు వారాలు దాని మీదే పడ్డాను.

చివరికి ఒక రాత్రి షిఫ్టులో నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కెమెరా ముందు పట్టుకున్నాను. మానిటర్ మీద కెమెరా చూపిస్తున్న స్టాప్‌వాచ్, నా చేతిలోని అసలు స్టాప్‌వాచ్, రెండూ పడేలా తోడొచ్చిన కుర్రాడితో ఫొటో తీయించాను. ఫోన్ మీద 19.03. మానిటర్ మీద 12.41. ఆరున్నర సెకన్ల పైన తేడా. ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపి వెంటనే తీస్తే తేడా అర సెకను లోపే. రెండు నిమిషాలాగి తీస్తే మళ్లీ పెరిగింది. గుర్తించడంలో తప్పేమీ లేదు, సరిగానే గుర్తిస్తోంది. కాకపోతే ఆరు సెకన్ల క్రితం వెళ్లిపోయిన సీసాను చూసి గుర్తిస్తోంది.

అప్పటినుంచి ఆ స్టాప్‌వాచ్ ఫొటో తీయకుండా నేను ఏ పనీ అప్పగించలేదు. నువ్వు కూడా ఈ రోజే తియ్యి. ఖర్చు లేదు, కోడ్ లేదు.

ఎందుకలా జరుగుతుందంటే, కెమెరా సెకనుకు 25 ఫ్రేములు పంపుతోంది, నీ ప్రోగ్రాం 8 మాత్రమే చూడగలుగుతోంది. మిగతావి పోవు, వరుసలో నిలబడతాయి. నెట్‌వర్క్ బఫర్లో (తాత్కాలికంగా దాచే చోటు) కొన్ని, వీడియోను విప్పే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ దగ్గర కొన్ని. నువ్వు రీడ్ అన్నప్పుడు, అంటే ఒక ఫ్రేము ఇమ్మన్నప్పుడు, వచ్చేది వరుసలో అందరికంటే ముందు నిలబడ్డ పాత ఫ్రేము. బఫర్లు నిండాక ఆలస్యం ఒకచోట నిలుస్తుంది, కెమెరా పంపలేక కనెక్షన్ తెంచేస్తుంది. నువ్వు చూస్తున్న లక్షణాలన్నీ ఇవే.

మన ప్రకాశం బ్యారేజీని చూడు. పట్టేది 3.07 టీఎంసీలు. పైనుంచి వరద వస్తుంటే ఆ నీళ్లన్నీ ఆపుకోవాలని ఎవరూ చూడరు. కాలువలకు కావాల్సింది ఇచ్చి, మిగతాది 70 గేట్ల నుంచి సముద్రానికి వదిలేస్తారు. ఫ్రేములు వదిలేయడం కూడా అలాంటిదే. అది వైఫల్యం కాదు, ముందే తీసుకోవాల్సిన నిర్ణయం. అందుకే కోడ్ రాసే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకో: నాకు ప్రతి ఫ్రేమూ కావాలా, తాజా ఫ్రేము కావాలా? నాజిల్ ఊదడానికి తాజాది కావాలి. వ్యాపారికి సాక్ష్యంగా రికార్డింగు కావాలంటే ప్రతిదీ కావాలి. ఈ రెండింటినీ ఒకే లూపులో చేయబోయి రెండూ చెడగొట్టుకున్నావు.

తాజాది కావాలంటే చదివే పనికి ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే దారి) పెట్టు. అది నిరంతరం రీడ్ చేస్తూ, వచ్చిన ఫ్రేమును ఒకే ఒక్క గదిలో పెడుతుంది, పాతది ఉంటే దాని మీదే పెట్టేస్తుంది. గుర్తించే థ్రెడ్ తీరినప్పుడల్లా ఆ గదిలో ఉన్నది తీసుకుంటుంది. పైథాన్‌లో మ్యాక్స్‌లెన్ 1 పెట్టిన డెక్ (ఒకటే పట్టే వరుస) చాలు. ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే పైథాన్ తాళం జీఐఎల్ వల్ల థ్రెడ్లు పనికిరావని ఎవరో చెప్పారన్నావు. మామూలు పైథాన్ లెక్కలకు ఆ మాట నిజం. ఓపెన్‌సీవీ మాత్రం తన బరువైన పనులు చేసేటప్పుడు జీఐఎల్‌ను వదిలేస్తుంది కాబట్టి ఇక్కడ థ్రెడ్ బాగానే పనిచేస్తుంది. ఫ్రేముతో పాటు దాని వరుస సంఖ్య, వచ్చిన టైమ్ కూడా ఆ గదిలో పెట్టు. లేకపోతే ఒకే ఫ్రేమును రెండుసార్లు చూసి నాజిల్‌ను రెండుసార్లు ఊదిస్తావు. కొత్తది వచ్చిందా లేదా అని ఖాళీ లూపులో తిరుగుతూ ఎదురుచూడకు, కొత్తది రాగానే లేపే కండిషన్ వేరియబుల్ వాడు. ఖాళీగా తిరిగే లూపు ఒక కోర్ మొత్తం తినేస్తుంది.

బఫర్‌సైజ్ 1 అని సెట్ చేస్తే చాలదా అంటావేమో. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ బ్యాకెండ్ దాన్ని పట్టించుకోదు. వీ4ఎల్2లో పనిచేస్తుంది కానీ, ఒక్కటే బఫర్ ఉంటే కెమెరా నింపేటప్పుడు నువ్వు ఆగాలి, నువ్వు చదివేటప్పుడు కెమెరా ఆగాలి. ఫ్రేములు సగానికి పడిపోయే ప్రమాదం ఉంది. థ్రెడ్ పద్ధతే నమ్మకం. ఇంకోటి, ఐపీ కెమెరా పంపేది హెచ్.264 అనే కంప్రెస్ చేసిన వీడియో. అందులో చాలా ఫ్రేములు ముందు ఫ్రేముకూ దీనికీ తేడా మాత్రమే మోసుకొస్తాయి. మధ్యలో ఒకటి విప్పకుండా వదిలేస్తే తర్వాతవి చెడిపోతాయి. కాబట్టి అక్కర్లేని ఫ్రేములను కూడా విప్పే ఖర్చు తప్పదు. ఆ ఖర్చు తగ్గాలంటే కెమెరా సెట్టింగుల్లో సబ్ స్ట్రీమ్ (అదే వీడియో చిన్న సైజులో) వాడు, దాదాపు ప్రతి ఐపీ కెమెరాలోనూ ఉంటుంది. షెడ్డు మూలలో మనుషుల కదలిక చూడటానికి చిన్న సైజు చాలు.

రికార్డింగుకు మెయిన్ స్ట్రీమ్ తీసుకుని, విప్పకుండా, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో కోడెక్ కాపీ అని చెప్పి ఉన్నదున్నట్టు ఫైల్లోకి పంపించు. సీపీయూ మీద భారం దాదాపు ఉండదు. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటంటే ఫ్రేములు విప్పి, ఒక్కొక్కటీ పీఎన్‌జీగా మెమరీ కార్డులో రాస్తున్నావు. పీఎన్‌జీ ఒక్క పిక్సెల్ కూడా పోకుండా కుదించాలి కాబట్టి నెమ్మది. మెమరీ కార్డు అంతకంటే నెమ్మది, పైగా ఇన్ని రాతలకు త్వరగా పాడైపోతుంది. తాలు అని తేలిన ఫ్రేములు మాత్రమే జేపెగ్‌లో, వేరే థ్రెడ్‌తో, యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలో రాయి. ఆ థ్రెడ్‌కు ఇచ్చే క్యూకు హద్దు పెట్టు, నిండితే వదిలేసి ఎన్ని వదిలావో లెక్క రాసుకో. హద్దులేని క్యూ పెడితే ర్యామ్ నిండిపోయి బోర్డు మొత్తం పడుకుంటుంది.

కొలవడం ఎలాగో చెబుతాను. పర్ఫ్ కౌంటర్ అనే ఫంక్షన్‌తో రీడ్‌కు ముందూ వెనకా, గుర్తించడానికి ముందూ వెనకా, సేవ్‌కు, చూపించడానికి, ఇలా నాలుగుచోట్ల టైమ్ తీసుకో. 300 ఫ్రేములు నడిపి సగటుతో పాటు అన్నింటికంటే ఎక్కువ పట్టిన టైమ్ కూడా చూడు. ఇక్కడ కొత్తవాళ్లందరూ పొరబడే చోటు ఒకటుంది. రీడ్‌కు 200 మిల్లీసెకన్లు పట్టిందంటే రీడ్ అంతసేపు పనిచేసిందని కాదు. తర్వాతి ఫ్రేము కోసం ఎదురుచూసి ఉండొచ్చు. అదే సమయంలో టాప్ కమాండ్‌లో సీపీయూ చూడు. సీపీయూ ఖాళీగా ఉండి రీడ్ ఎక్కువ పడితే తప్పు కెమెరాలోనో, వైరులోనో, వెలుతురులోనో ఉంది. సీపీయూ నిండిపోయి ఉంటే అప్పుడు కోడ్ వైపు చూడాలి. నీ 5 ఎఫ్‌పీఎస్‌కు రీడ్ 200 మిల్లీసెకన్లు, సీపీయూ ఖాళీ అని వస్తుందని నా అంచనా.

కోడ్‌లో మార్చాల్సినవి రెండే కనిపించాయి. ఒకటి, పిక్సెల్ పిక్సెల్‌కూ పైథాన్ ఫర్ లూపు వేశావు. 720పీ ఫ్రేములో 9,21,600 పిక్సెళ్లు ఉంటాయి, ఆ లూపుతో ఏ బోర్డూ నిలబడదు. ఫ్రేమును హెచ్ఎస్‌వీకి (రంగును హ్యూ అంటే ఏ రంగు, శాచురేషన్ అంటే రంగు గాఢత, వెలుగు అని విడదీసే పద్ధతి) మార్చి, కావాల్సిన రంగు పిక్సెళ్లను ఒకేసారి ఏరే ఇన్‌రేంజ్ ఫంక్షన్ వాడు. ఎరుపు హ్యూ 0 దగ్గరా, 179 దగ్గరా రెండు చివర్లా ఉంటుందని గుర్తుంచుకో. తాలుకు హ్యూ కంటే శాచురేషన్ బాగా పట్టిస్తుంది, రంగు చచ్చిన కాయ కాబట్టి. రెండోది, ఫ్రేమును తెర మీద చూపించే ఐఎంషో. దూరం నుంచి తెర చూపే వీఎన్‌సీలో చూస్తూ ప్రతి ఫ్రేమూ పూర్తి సైజులో చూపిస్తున్నావు. చిన్నది చేసి, ఐదింటికి ఒకటి చూపించు. అసలు పనిలో పెట్టాక పూర్తిగా తీసెయ్యి.

ఈ మార్పులన్నీ చేశాక నాజిల్ గురించి ఆలోచించు. కెమెరా చూసే చోటుకూ నాజిల్‌కూ మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే కాయ అక్కడికి చేరడానికి 0.8 సెకను పడుతుంది. నీ ప్రోగ్రాం 150 మిల్లీసెకన్లు తీసుకున్నా నష్టం లేదు, ఇంకా బోలెడు టైముంది. నష్టం చేసేది ఆలస్యం కాదు, ఆలస్యంలో నిలకడ లేకపోవడం. ఒకసారి 100, ఒకసారి 150 అయితే ఆ 50 మిల్లీసెకన్లలో బెల్టు రెండున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది, గాలి పక్క కాయ మీద పడుతుంది. అందుకే ఫ్రేము గ్రాబ్ అయిన (కెమెరా నుంచి అందిన) వెంటనే టైమ్ రాసుకుని, ఆ టైమ్ నుంచి లెక్కకట్టి నాజిల్ తెరువు. గుర్తించడం అయిపోయిన టైమ్ నుంచి లెక్కకట్టావో, ప్రతి ఊదూ ఒక్కో చోట పడుతుంది. వెబ్‌క్యామ్ రోలింగ్ షట్టర్, అంటే బొమ్మను ఒక్కో వరుసగా తీస్తుంది కాబట్టి కాయ కొద్దిగా వాలినట్టు కనిపిస్తుంది. అన్ని కాయలూ ఒకేలా వాలతాయి, రంగు చూసే పనికి దానితో ఇబ్బంది లేదు. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీసే గ్లోబల్ షట్టర్ కెమెరా కోసం ఇప్పుడే డబ్బు పెట్టొద్దు.

ఇక వేడి, దుమ్ము. పై 4 ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలు. రేకుల షెడ్డు కింద, మూసిన ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే 80 దాటడానికి ఎంతోసేపు పట్టదు.  ఫ్యాన్ పెడితే మిర్చి దుమ్ము పీల్చుకుని కొన్నాళ్లకే బిగుసుకుపోతుంది. బోర్డును పూర్తిగా మూసే అల్యూమినియం పెట్టె దొరుకుతుంది, పెట్టె గోడే వేడి లాగేస్తుంది. విజయవాడ వస్తే చూపిస్తాను. వీసీజెన్‌సీఎండీ కమాండ్‌లో గెట్ త్రాటిల్డ్ (బోర్డు వేగం తగ్గించుకుందా అని) అడిగితే సున్నా రావాలి. సున్నా కాకపోతే వేడో, చాలని వోల్టేజో. ఫోన్ ఛార్జర్‌తో నడపకు, 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల సప్లై పెట్టు. రెండో వెబ్‌క్యామ్ కొనాలనుకుంటే ఒక మాట, ఆ బోర్డు మీద పోర్టులు నాలుగున్నా అన్నీ ఒకే కంట్రోలర్ కిందకు వస్తాయి. పైన వేసిన 18.4 ఎంబీ లెక్కను రెండుతో గుణించి చూసుకున్నాకే కొను.

లెన్స్ ముందు ఒక అద్దం బిగించి, పూటకొకసారి పొడి గుడ్డతో తుడవమని షెడ్డులో ఒకరికి అప్పజెప్పు. ఎర్రటి దుమ్ము పొర పట్టిందంటే తాలు కూడా ఎర్రగానే కనిపిస్తుంది, నువ్వు మళ్లీ కోడ్‌లో వెతుకుతావు.

రేపు షెడ్డుకు వెళ్లినప్పుడు వీ4ఎల్2 పట్టీ, నాలుగు చోట్ల తీసిన టైములు, ఆ సమయంలో సీపీయూ శాతం, రెండు కెమెరాలకూ స్టాప్‌వాచ్ ఫొటోలు ఇక్కడ పెట్టు. పగలు ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి తియ్యి. అవి చూశాక నాజిల్ టైమింగ్ కోడ్ ఇద్దరం కలిసి రాద్దాం.